ఒకే పేరు – పెక్కు పనులు

సాయంకాలము వేళ తల్లి కుమారుని పిలిచి, "వీధి తలుపు తియ్యి నాయనా" అనును. కొంతసేపటికి, "మబ్బు పట్టింది, దండెం మీద బట్టలు తియ్యి" అనును. ఆ రాత్రి చుట్టములు ప్రయాణమగునప్పుడు, "మీ మామయ్య వాళ్ళని ఒక ఫొటో తియ్యి" అనును. మూడు మారులును ఆమె వాడిన క్రియ ఒక్కటే. అయినను పిల్లవాడు తలుపును మడత పెట్టి లోపలికి తేలేదు. మామయ్యను దండెము మీదినుండి దింపలేదు. ఏ పని చేయవలయునో 'తియ్యి' అను మాట ఒక్కటియే అతనికి చెప్పలేదు; దాని ప్రక్కనున్న మాట చెప్పినది. తలుపా, బట్టలా, ఫొటోనా అనుదానినిబట్టి క్రియకు అర్థమేర్పడినది. నూయి తీయుదుము, రాగము తీయుదుము, పరుగు తీయుదుము, బ్యాంకునుండి రొక్కము తీయుదుము. ఇన్ని పనులకు ఒకే పేరేమి యని తెలుగు బిడ్డ యెవ్వడును తికమకపడడు.

నేటి ప్రసంగమున మనము విచారింపదలచినది ఇట్టి విషయమునే. అయితే ఇది ఇంటి భాషను గూర్చినది కాదు. కంప్యూటరునకు పని చెప్పు భాషలను గూర్చినది. ఈ దినములలో మన ఇండ్లలో పెక్కుమంది యువతీ యువకులు జావా, సీ ప్లస్ ప్లస్ మొదలగు భాషలను నేర్చుచున్నారు. వారి పాఠములలో మెథడ్ ఓవర్‌లోడింగ్ అను నొక ప్రకరణము తప్పక వచ్చును. దానికి నిర్వచనము వ్రాసి పరీక్షలో మార్కులు తెచ్చుకొనుట సులభము. కాని అందలి సౌకర్యమెట్టిది, ప్రమాదమెట్టిది అనునవి ఆ నిర్వచనములో కనబడవు. ఆ ప్రమాదమును మేము స్వయముగా ఎరుగుదుము. మా పొరపాటు వలన ఒక చిన్న పిల్ల కంట తడి పెట్టవలసి వచ్చినది. ఆ సంగతిని ప్రసంగము చివర మనవి చేసెదము. దానికి ముందుగా తెలిసికొనవలసినవి కొన్ని కలవు.

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అను పద్ధతిలో ప్రోగ్రామును కొన్ని వస్తువుల సముదాయముగా భావింతురు. ఒక గ్రంథాలయమునకై ప్రోగ్రాము వ్రాసినచో పుస్తకము ఒక వస్తువు. సభ్యుడు ఒక వస్తువు. పుస్తకములు తిరిగి ఇయ్యవలసినవారి పట్టిక మరియొక వస్తువు. ప్రతి వస్తువును కొంత సమాచారమును తనయందు దాచుకొనును, కొన్ని పనులను చేయగలుగును. ఆ పనులకే మెథడులని పేరు. మెథడు పని చేయవలెనన్న దానికి సాధారణముగా కొన్ని విలువలను అందింపవలసి యుండును. మన వ్యాకరణ పరిభాషలో మెథడును క్రియ యనుకొన్నచో, అందించు విలువలు కర్మల వంటివి. ప్రతి విలువకును ఒక జాతి యుండును. పూర్ణసంఖ్య ఒక జాతి, దశాంశ సంఖ్య ఒక జాతి, అక్షరముల వరుస ఇంకొక జాతి. ఒకే పేరుతో రెండు గాని అంతకు మించి గాని మెథడులుండి, అవి స్వీకరించు విలువల సంఖ్యయందో, జాతియందో, వరుసయందో తమలో తాము భేదించినచో, ఆ ఏర్పాటునకు మెథడ్ ఓవర్‌లోడింగ్ అని పేరు. ఒక్క పేరు మీద పెక్కు బరువులు మోపుట యని దాని భావము.

ఇట్లు మోపవలసిన అవసరమేమి? ఈ సౌకర్యము లేని భాషను ఒకదానిని చూచినచో తెలియును. సీ అను భాష 1970 తరువాతి తొలి సంవత్సరములలో బెల్ ప్రయోగశాలలలో పుట్టి నేటికిని వాడుకలో నున్నది. ఒక సంఖ్యకు ముందున్న ఋణ చిహ్నమును తొలగించి దాని పరిమాణమును మాత్రము తెలుపుటకు ఆ భాషలో పూర్ణసంఖ్యలకు ఆబ్స్ అనియు, పెద్ద పూర్ణసంఖ్యలకు ల్యాబ్స్ అనియు, దశాంశ సంఖ్యలకు ఫ్యాబ్స్ అనియు వేరువేరు పేర్లున్నవి. పని ఒక్కటే, పేర్లు మూడు. ఎవరైనను మరచిపోయి దశాంశ సంఖ్యను పూర్ణసంఖ్యల పేరుతో నడపినచో, ఋణము రెండు ముప్పాతిక యను సంఖ్యకు రెండు ముప్పాతిక రాదు. ముప్పాతిక భాగము తెగిపోయి 2 మాత్రమే మిగులును. కంపైలర్ హెచ్చరించిన హెచ్చరింపవచ్చును గాని, ప్రోగ్రాము ఆగదు, నడచిపోవును. పేర్లను జ్ఞాపకముంచుకొను భారమంతయు మనుష్యుని మీద పడినది. మనుష్యుడు మరచుట సహజము.

జావా భాషలో ఈ పనికి ఆబ్స్ అను పేరొక్కటే యున్నది. ఆ పేరుతో నాలుగు మెథడులు కలవు. సంఖ్యల జాతులు నాలుగింటికి నాలుగు. వ్రాయువాడు ఆబ్స్ అని వ్రాసి సంఖ్యను అందించిన చాలును. అది ఏ జాతి సంఖ్యయో చూచి తగిన మెథడును ఎన్నుకొను పని కంపైలరుది. కంపైలర్ అనగా మనము వ్రాసిన ప్రోగ్రామును యంత్రమునకు తగిన రూపమునకు మార్చు సాధనము. అట్లే తెర మీద ఒక పంక్తిని అచ్చువేయుటకు జావాలో ప్రింట్‌లైన్ అను పేరున్నది. ఆ ఒక్క పేరు వెనుక పది మెథడులున్నవి. పూర్ణసంఖ్యకు ఒకటి, అక్షరమునకు ఒకటి, అక్షరముల వరుసకు ఒకటి, ఏమియు ఇయ్యకుండ ఖాళీ పంక్తిని వేయుటకు ఒకటి – ఇట్లు పది. నేర్చుకొను విద్యార్థి పది పేర్లు వల్లెవేయ నక్కరలేదు. పని ఒక్కటియే గనుక పేరును ఒక్కటియే.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. కూడికకు మనము వాడు గుర్తునే తీసికొనుడు. పూర్ణసంఖ్యలను కూడుటకును దశాంశ సంఖ్యలను కూడుటకును కంప్యూటరు లోపల జరుగు పనులు వేరు. వ్రాయు గుర్తు ఒక్కటే. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు క్రిస్టఫర్ స్ట్రేచీ 1967లో కోపెన్‌హేగెన్ నగరమున చేసిన ఉపన్యాసములలో ఈ విషయమును శాస్త్రీయముగా పరిశీలించెను. ఒకే విధానము ఏ జాతి విలువల మీదనైనను ఒకే తీరున నడచుట ఒక విధమనియు, పేరు మాత్రమొకటై ఒక్కొక్క జాతికి ఒక్కొక్క విధానము వేరుగా నుండుట వేరొక విధమనియు ఆయన విభజించెను. ఓవర్‌లోడింగ్ ఈ రెండవ విధమునకు చెందినది. ఆల్గాల్ 68 అను భాష గుర్తులకు క్రొత్త అర్థములు కల్పించుకొను స్వేచ్ఛను ప్రోగ్రాము వ్రాయువారికిచ్చెను. 1983లో ప్రమాణీకరింపబడిన ఏడా భాషయందును ఓవర్‌లోడింగ్ కలదు.

బ్యార్నె స్ట్రౌస్ట్రప్ బెల్ ప్రయోగశాలలలో 1979లో ఆరంభించిన పని సీ ప్లస్ ప్లస్ అను భాషగా పెరిగి 1985లో లోకమునకు వెల్లడియైనది. ఆ భాష మొదటి దినములలో ఒక నియమముండెడిది. ఒకే పేరును రెండు మెథడులకు పెట్టదలచినవారు, ఈ పేరును పెక్కింటికి వాడుచున్నామని ముందుగా ఒక ప్రత్యేకమైన మాటతో ప్రకటింపవలెను. తెలియకుండ పేర్లు కలిసిపోవునేమో యను జంకు ఆనాటివారికుండెను. 1989లో వెలువడిన రెండవ రూపమున ఆ నియమమును తొలగించిరి. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ వెల్లడించిన జావాలో, జేమ్స్ గాస్లింగ్ మొదలగువారు మెథడులకు ఓవర్‌లోడింగ్ ఇచ్చిరి గాని, కూడిక మొదలగు గుర్తులకు క్రొత్త అర్థములు కల్పించు స్వేచ్ఛను వ్రాయువారికియ్యలేదు. ఈ వస్తువును ఎంతవరకు ఇయ్యవచ్చును అనుదానిలో పెద్దలకే ఏకాభిప్రాయము లేదని దీనివలన గ్రహింపవచ్చును.

ఇక కంపైలర్ ఒకే పేరుగల మెథడులలో దేనిని ఎన్నుకొనవలెనో ఎట్లు నిశ్చయించును? మన కుటుంబములలో తాతగారి పేరును మనుమలందరకును పెట్టు ఆచారమున్నది. ఒక్క ఊరిలో నలుగురు వెంకటేశ్వర్లుండవచ్చును. అప్పుడు ఇంటిపేరును కలిపి పిలుతుము. కంపైలర్ చేయునదియు దాదాపు ఇదియే. మెథడు పేరునకు అది స్వీకరించు విలువల జాతులను ఇంటిపేరువలె తగిలించి, లోలోపల ప్రతిదానిని వేరుగా గుర్తుపెట్టుకొనును. మనము చూచు పేరొకటి. యంత్రము చూచు పేర్లు పెక్కు. ప్రోగ్రాములో పిలుపు వచ్చినప్పుడు అందించిన విలువలెన్ని, ఏ జాతివి, ఏ వరుసలో నున్నవి అని చూచి, సరిపోవు దానిని తీయును. సరిగా ఆ జాతికే యేర్పడిన మెథడు లేకున్నచో, దానికి సమీపమున నున్న పెద్ద జాతిని చూచును. పూర్ణసంఖ్యకై ప్రత్యేకముగా మెథడు లేనప్పుడు దశాంశ సంఖ్యను స్వీకరించు మెథడు ఆ పని చేయవచ్చును.

ఇచ్చట విద్యార్థులు తరచుగా పొరబడు సంగతి యొకటి కలదు. మెథడు తిరిగి ఇచ్చు ఫలితము యొక్క జాతి వేరైనంత మాత్రమున, జావాలో గాని సీ ప్లస్ ప్లస్‌లో గాని ఓవర్‌లోడింగ్ కుదరదు. కారణము సులభము. ఒక మెథడును పిలిచి, అది యిచ్చు ఫలితమును వాడుకొనకుండ విడిచిపెట్టుట ఈ భాషలలో న్యాయమే. అట్టి పిలుపును చూచినచో, పిలిచినవానికి ఏ జాతి ఫలితము కావలెనో తెలియు మార్గము లేదు. చేతిలో పెట్టినదానిని చూచి చెప్పవచ్చును గాని, కోరికను చూచి చెప్పుట కుదరదని ఈ భాషలను నిర్మించినవారు నిశ్చయించిరి. ఏడా భాష మాత్రము ఈ విషయమున భిన్నము. అది కావలసిన ఫలితమును గూడ లెక్కలోనికి తీసికొనును.

మన శాస్త్రకారులు మాటకు అర్థమెట్లు నిర్ణయమగునని విచారించునప్పుడు సైంధవ శబ్దమును ఉదాహరణముగా చెప్పుట కలదు. సైంధవమనగా ఉప్పు, సైంధవమనగా గుఱ్ఱము. భోజనమునకు కూర్చున్న యజమాని సైంధవమును తెమ్మన్నచో ఉప్పు తేవలెను. ప్రయాణమునకు సిద్ధమైనవాడు అదే మాట యన్నచో గుఱ్ఱమును తేవలెను. ఇది సందర్భమునెరిగిన సేవకుని పద్ధతి. మన కంపైలరునకు సందర్భము తెలియదు. విస్తరి వేసినారా, జీను కట్టినారా అని అది తొంగి చూడదు. దానికి తెలిసినది ఒక్కటే – అందించిన విలువల మీద వ్రాసియున్న జాతి. ఓవర్‌లోడింగులోని బలమును బలహీనతయు ఈ ఒక్క విషయములోనే యున్నవి.

వ్రాసియున్న జాతి అని మేము అనుటకు కారణము కలదు. పోస్టాఫీసులో ఉత్తరములను వేరుచేయు ఉద్యోగి కవరు మీది చిరునామాను చూచి సంచిలో వేయును. కవరు విప్పి లోపలి సంగతి చదువడు. కంపైలరును అంతియే. వంతెన దగ్గర సుంకము వసూలు చేయు ప్రోగ్రామున్నదనుకొందము. అందులో సుంకము అను పేరుతో రెండు మెథడులున్నవి. ఒకటి ఏ వాహనమునైనను స్వీకరించును, రెండవది లారీని మాత్రము స్వీకరించును. వచ్చినది నిజముగా లారీయే. కాని ప్రోగ్రాములో దానిని వాహనమని మాత్రము వ్రాసియుంచిరి. అప్పుడు కంపైలర్ సామాన్య వాహనముల మెథడునే యెన్నుకొనును. లోపల లారీ యున్నను, కవరు మీద వాహనమని యున్నది గదా! ఈ నిర్ణయము ప్రోగ్రాము నడచుటకు ముందే, దానిని యంత్రరూపమునకు మార్చునప్పుడే జరిగిపోవును.

దీనికి చెల్లెలివంటిది ఓవర్‌రైడింగ్ అను మరియొక విషయము కలదు. పేర్లలోని పోలికవలన పిల్లలు ఈ రెంటిని కలిపివేయుదురు. సామాన్య వాహనమునకు సుంకమెంత యను మెథడుండగా, లారీ అను వర్గము అదే పేరుతో, అవే విలువలతో తన సొంత మెథడును వ్రాసికొనుట ఓవర్‌రైడింగ్. అప్పుడు "నీ సుంకమెంత?" అని వస్తువునే అడుగుదుము. కవరు మీద ఏమి వ్రాసినను, లోపలనున్న లారీయే లేచి సమాధానము చెప్పును. ఈ నిర్ణయము ప్రోగ్రాము నడచుచుండగా జరుగును. కవరును చూచి పంపుట ఓవర్‌లోడింగ్. కవరును విప్పి లోపలివానిని అడుగుట ఓవర్‌రైడింగ్. ఈ భేదమును మనసున నిలుపుకొన్నవారికి ఈ ప్రకరణమున సగము కష్టము తీరినట్లే.

అందించిన విలువకు రెండు మెథడులు సమానముగా సరిపోయినచో ఏమగును? పదునారవ శతాబ్దమున మన పింగళి సూరన రాఘవపాండవీయమును రచించెను. అందు ఒకే పద్యమును ఒక విధముగా చదివిన రామకథ, వేరొక విధముగా చదివిన భారతకథ. రెండర్థములును ఒకేసారి నిలుచుటయే ఆ కావ్యమున అందము. కంపైలరునకు ఇట్టి రసికత లేదు. జావాలో ఏ వస్తువును లేదని తెలుపుటకు నల్ అను విలువ కలదు. ప్రింట్‌లైన్ మెథడునకు ఉత్త నల్‌ను అందించి చూడుడు. అక్షరముల వరుసను స్వీకరించునదియు, విడి అక్షరముల పట్టికను స్వీకరించునదియు రెండును మాకే చెందునని ముందుకు వచ్చును. కంపైలర్ రెంటిలో దేనిని ఎన్నుకొనలేక, పిలుపు సందిగ్ధముగా నున్నదని చెప్పి ప్రోగ్రామును తిరుగగొట్టును. విద్యార్థికి విసుగు కలుగవచ్చును. కాని ఇట్లు తిరుగగొట్టుట ఉపకారమే. కంపైలర్ సందేహించినప్పుడు మనకు భయము లేదు. అది ఏ సందేహమును లేకుండ మనమనుకొనని దానిని ఎన్నుకొనినప్పుడే భయము. మా కథ అట్టిది.

కొంతకాలము క్రిందట ఒక చిన్న గ్రంథాలయమువారు కోరగా, పుస్తకముల రాకపోకలను వ్రాసికొనుటకు జావాలో ఒక ప్రోగ్రామును తయారు చేసితిమి. గడువు దాటినను పుస్తకము తిరిగి ఇయ్యనివారి కార్డు సంఖ్యలు ఒక పట్టికలో నుండును. పుస్తకము తెచ్చి యిచ్చినవెంటనే ఆ కార్డు సంఖ్యను పట్టికనుండి తీసివేయవలెను. సాయంకాలము మిగిలిన సంఖ్యలను కాగితము మీద అచ్చువేసి గోడకు అంటింతురు. మొదటి దినమున పట్టికలో ఆరు సంఖ్యలుండెను: 41, 4, 112, 27, 63, 18. మధ్యాహ్నము బడిపిల్ల యొకతె వచ్చి పుస్తకము తిరిగి ఇచ్చినది. ఆమె కార్డు సంఖ్య 4. పట్టికకు రిమూవ్ అను మెథడు కలదు. తీసివేయుమని దాని అర్థము. ఆ మెథడునకు 4 అను సంఖ్యను అందించునట్లు మేము వ్రాసియుంటిమి. ప్రోగ్రాము ఏ ఆక్షేపణయు లేకుండ నడచినది. సాయంకాలము గోడ మీది కాగితమున 4 అట్లే యున్నది, 63 మాయమైనది.

ఎట్లనగా, జావా పట్టికలో రిమూవ్ అను పేరుగల మెథడులు రెండున్నవి. ఒకటి వస్తువును స్వీకరించి, దానితో సమానమైనదానిని వెదకి తీసివేయును. మరియొకటి పూర్ణసంఖ్యను స్వీకరించి, ఆ స్థానమున నున్నది ఏదైనను దానిని తీసివేయును. స్థానములను సున్న నుండి లెక్కింతురు గనుక నాలుగవ స్థానమనగా వరుసలో అయిదవది. అచ్చట 63 ఉండెను. 2004లో వెలువడిన అయిదవ రూపమునకు ముందు, సంఖ్యను పట్టికలో చేర్చవలెనన్న దానిని ఒక వస్తువుగా చుట్టి, ఆ చుట్టిన సంగతి కంటికి కనబడునట్లు వ్రాయవలసి యుండెడిది. కావున రెండు మెథడులకును పొరపాటు పడుట అరుదు. 2004 తరువాత ఈ చుట్టుట తనంతట తాను జరుగుచున్నది. పట్టికలో చేర్చునప్పుడు మా సంఖ్యలు తమంతట తామే వస్తువులైనవి. తీసివేయునప్పుడును అట్లే యగునని మేము భ్రమించితిమి. కాని ఎన్నికలో నియమము వేరు. చుట్టకుండగనే సరిపోవు మెథడున్నదేమో యని కంపైలర్ మొదట చూచును. ఉన్నచో అచ్చటనే ఆగును. స్థానమును స్వీకరించు మెథడు సరిపోయినది. దానికి సందేహమేల కలుగును?

ఆ పిల్ల తండ్రిని వెంటబెట్టుకొని సాయంకాలము వచ్చినది. పుస్తకము ఇచ్చితినని ఆమె. కంప్యూటరు తప్పు చెప్పదు గదా యని తండ్రి. ఆమె ఏడ్చుచుండగా గ్రంథపాలకుడు అలమారు వెదకి పుస్తకమును చూపినమీదట గాని తండ్రికి నమ్మకము కలుగలేదు. మరునాటి ఉదయము 27వ కార్డువారు పుస్తకము తెచ్చిరి. పట్టికలో ఇరువదియేడవ స్థానమే లేదు గనుక ప్రోగ్రాము ఆగిపోయినది. అప్పుడు మా తప్పు మాకు దొరికినది. సవరణకు ఒక్క పంక్తి చాలినది. తీసివేయవలసిన సంఖ్యను వస్తువుగా చుట్టి అందించితిమి. మొదటి దినమున పెద్ద సంఖ్యగల కార్డు వచ్చియుండినచో ప్రోగ్రాము అప్పుడే ఆగి, ఎవ్వరికిని నింద రాకపోయెడిది. చిన్న సంఖ్య వచ్చుట వలన తప్పు మాటలాడక లోపలనే యుండిపోయినది.

తప్పు మాదే, నియమము తెలిసియు మరచితిమి. కాని మా మనసున అప్పటినుండి ఒక ప్రశ్న నిలిచిపోయినది. ఆబ్స్ అను పేరుగల నాలుగు మెథడులలో పొరపాటున ఒకదానికి బదులు వేరొకటి ఎన్నికైనను, జరుగు పని ఒక్కటే. ఋణ చిహ్నమును తొలగించుటయే. ప్రింట్‌లైన్ పదియు అచ్చువేయునవే. రిమూవ్ అను రెండు మెథడులు అట్లు కావు. ఒకటి ఇదిగో ఈ వస్తువును తీసివేయుమనును. రెండవది ఇదిగో ఈ స్థానమున నున్నదానిని తీసివేయుమనును. పేరు ఒక్కటే, చేసిన వాగ్దానములు రెండు. జావాలోని ఈ పట్టికల రూపకల్పనలో ప్రధానుడైన జాషువా బ్లాక్ తన ఎఫెక్టివ్ జావా అను గ్రంథమున ఓవర్‌లోడింగును ఆచితూచి వాడుమని హెచ్చరించి, ఈ రిమూవ్ వలని చిక్కును ఆయనయే వివరించెను. నిర్మించినవాడే ఒప్పుకొనిన లోపమును గూర్చి మనము సంకోచింపనక్కరలేదు.

కావున ఓవర్‌లోడింగ్ నేర్చు యువకులకు మేము చెప్పదలచినది ఇంతియే. ఒకే పేరుగల మెథడులన్నియు ఒకే పని చేయవలెను. అందించు విలువలు మారవచ్చును. ఫలితమును గూర్చిన వాగ్దానము మారరాదు. పని వేరైనచో పేరును వేరుగా పెట్టుడు. రెండక్షరములు ఎక్కువ వ్రాయుటవలన నష్టము లేదు. ఒకే సంఖ్యలో విలువలను స్వీకరించు మెథడులు రెండున్నప్పుడు, ఏ విలువ ఏ మెథడునకు చేరునో చదువరికి కంటితోనే తెలియునట్లుండవలెను. నియమములను కంఠస్థము చేసినగాని తెలియనిచో, ఆ పేరు మంచి పేరు కాదు. పైథాన్ అను భాషలో ఈ సౌకర్యమే లేదు; అందు ఒక వర్గములో ఒకే పేరుతో రెండవ మెథడును వ్రాసినచో మొదటిది తుడిచిపెట్టుకొనిపోవును. అయినను ఆ భాషలో లోకమునకు కావలసిన పనులెన్నియో జరుగుచున్నవి. ఓవర్‌లోడింగ్ సౌకర్యమే గాని అనివార్యము కాదని దీనివలన స్పష్టమగుచున్నది.

తల్లి 'తియ్యి' అన్నప్పుడు కుమారునికి ఆమె ముఖము కనబడుచున్నది, మబ్బు కనబడుచున్నది, ప్రయాణమైన చుట్టములు కనబడుచున్నారు. అందుచేత ఆ క్రియ ఎన్ని పనులను మోసినను ఇంటిలో చిక్కు రాదు. యంత్రమునకు మబ్బును లేదు, ముఖమును లేదు. కనుక మన ఇంటి మాటలలోని స్వేచ్ఛను ప్రోగ్రాములోని పేర్లకు అట్లే ఇయ్యరాదు. మీ ఇంటి బిడ్డలు ప్రోగ్రాము వ్రాయుచున్నప్పుడు, ఆ భాష మీకు తెలియకున్నను, ఒక ప్రశ్న అడుగవచ్చును. "ఈ పేరుతో నీవు వ్రాసినవన్నియు ఒకే పని చేయునా?" అని అడుగుడు. వారు తడుముకొన్నచో అచ్చట ఏదో యొక పేరు మార్చవలసి యున్నదని గ్రహింపవచ్చును.

మా ప్రోగ్రామును సవరించిన మరునాడు గ్రంథపాలకుడు గోడ మీది పాత కాగితమును చింపివేసి క్రొత్తది అంటించెను. ఆ పిల్ల బడినుండి వచ్చుచు లోపలికి తొంగి చూచి, కాగితమును పైనుండి క్రిందికి ఒక్కొక్క సంఖ్యగా చదువుకొన్నది. తన 4 అందులో లేదు. మారుమాట లేకుండ అలమారు దగ్గరకు పోయి ఇంకొక పుస్తకమును తీసికొన్నది.